రాతలో వచ్చే ప్రెజెంట్ పర్ఫెక్ట్ మాటలో రావట్లేదు: రష్యన్ విద్యార్థులకు ఏ డ్రిల్ పనిచేస్తుంది?

రష్యన్ మాతృభాషగా ఉన్న పెద్దవాళ్లకు ఆన్‌లైన్‌లో ఇంగ్లిష్ చెబుతున్నాను. బ్యాచ్‌లో ఆరుగురు, అందరూ బీ1 (మధ్యస్థ) స్థాయి. వారానికి రెండు క్లాసులు, ఒక్కోటి 60 నిమిషాలు.

ఇబ్బంది ఒక్కచోటే. "ఐ హావ్ నోన్", "హావ్ యూ లివ్డ్" అని ప్రెజెంట్ పర్ఫెక్ట్ వాడాల్సిన చోట "ఐ నో హిమ్ ఫర్ టెన్ ఇయర్స్", "హౌ లాంగ్ డు యూ లివ్ హియర్?" అంటారు. ఇంకా సాగుతున్న స్థితికి రష్యన్‌లో వర్తమాన కాలమే వాడతారు, మన "పదేళ్లుగా తెలుసు" లాగే. కాబట్టి తప్పు ఎక్కడ పుడుతోందో తెలుసు, పోగొట్టడమే కుదరట్లేదు.

ఖాళీలు పూరించమంటే దాదాపు తప్పులుండవు. అక్కడ ఫర్, సిన్స్ కంటికి కనిపిస్తాయి, వాటిని పట్టుకుని రాసేస్తారు. మాటలో అయితే ముందు క్రియ నోట్లోంచి వచ్చేస్తుంది, ఫర్ ఆ తర్వాత వస్తుంది. అసలు చిక్కు ఇదేనని నా అభిప్రాయం. రష్యన్ వాక్యమిచ్చి అనువదించమంటే, తీరిగ్గా ఆలోచిస్తే సరిగ్గా చెబుతారు. ఐదు సెకన్ల గడువు పెడితే మళ్లీ "ఐ నో". అంకీ (ఫ్లాష్‌కార్డుల యాప్) కార్డులతో నోన్, బీన్, హ్యాడ్ లాంటి మూడో రూపాలు నోటికొచ్చాయి, వాక్యంలోకి మాత్రం దిగలేదు. టైమ్‌లైన్ గీసి వివరించాక కొత్త తప్పు మొదలైంది: "ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్డే". రష్యన్ భూతకాలంలో "ఐ సా", "ఐ హావ్ సీన్" రెండింటికీ వేర్వేరు కాలరూపాలు లేవు, అందుకే హద్దు దొరకట్లేదు. మధ్యలో ఆపి సరిదిద్దితే మాట్లాడటమే తగ్గించేస్తున్నారు, అది నాకు అస్సలు ఇష్టం లేదు.

రష్యన్ మాట్లాడేవాళ్లకు నేర్పినవాళ్లు చెప్పండి: ఫర్, సిన్స్ ముందే కనిపించకుండా, "హావ్ నోన్" లాంటి రూపం మాటల్లో దానంతటదే వచ్చేలా చేసిన పది నిమిషాల మౌఖిక డ్రిల్ ఏది?