వంటనూనె మీద దిగుమతి సుంకం పెంచితే నిజంగా కట్టేది ఎవరు? లీటరుకు ఎంత పడుతుంది?

(ఇది మారుపేర్లతో నడిచిన చర్చ. ప్రతి భాగం పైన ఉన్నది అది రాసినవారి మారుపేరు.)

వంటింటి పద్దు

సన్‌ఫ్లవర్ ఆయిల్ కొన్న బిల్లులో జీఎస్టీ 5 శాతం ఒక్కటే కనిపిస్తుంది. ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ పక్కన "అన్ని పన్నులతో కలిపి" అని ఉంటుంది, అంతే. కానీ 2024 సెప్టెంబర్ 14 నుంచి ముడి పామాయిల్, సోయా, సన్‌ఫ్లవర్ నూనెల మీద మొత్తం సుంకం 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెరిగింది. 2025 మే నెలాఖరులో దాన్ని 16.5కి తగ్గించారు. ఈ సుంకం విదేశీ అమ్మకందారు నెత్తిన పడుతుందని కొందరు, కంపెనీ లాభంలోంచి పోతుందని కొందరు చెబుతున్నారు.

నాకు కావలసింది లెక్క. లీటరు ప్యాకెట్‌లో సుంకం వాటా ఎన్ని రూపాయలు? పెంచిన రోజే ధర ఎందుకు ఎగబాకింది, తగ్గించినప్పుడు ఎందుకు నెమ్మదిగా దిగింది? రైతు కోసమే పెంచామన్నారు కదా, ఆ డబ్బు రైతుకు చేరిందా?

కాకినాడ రేవు

సుంకం కట్టేది ఇక్కడి దిగుమతిదారు. ఓడ వచ్చాక బిల్ ఆఫ్ ఎంట్రీ (సరుకు వివరాలతో కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం) వేసి, మన కస్టమ్స్‌కు రూపాయల్లో కట్టి సరుకు విడిపించుకుంటాడు. ఇండోనేషియా అమ్మకందారు మన ఖజానాకు పైసా కట్టడు. ఆ భారాన్ని దిగుమతిదారు ఎంతవరకు కిందికి తోయగలడన్నదే అసలు సంగతి. వంటనూనె విషయంలో దాదాపు మొత్తం తోసేయగలడు.

ముందు 27.5 ఎలా వచ్చిందో చూడండి. మూల కస్టమ్స్ సుంకం 20, వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు 5, ఈ రెండూ కలిపిన 25 మీద పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌చార్జి, అంటే 2.5. ఇప్పుడు మూల సుంకం 10, సెస్సు 5, సర్‌చార్జి 1.5, వెరసి 16.5. శుద్ధి చేసిన నూనెకు సెస్సు లేదు. దానికి మూల సుంకం 32.5, సర్‌చార్జితో 35.75. 2025లో ముడి నూనెకు తగ్గించారు గానీ దీన్ని ముట్టుకోలేదు.

ఇక లీటరు లెక్క. సులువు కోసం టన్ను ముడి నూనె 1,000 డాలర్లు, డాలరు 85 రూపాయలు అనుకుందాం. రేవులో దిగేసరికి కిలో 85 రూపాయలు.

5.5 శాతమైతే సుంకం కిలోకు 4.68
16.5 శాతమైతే 14.03
27.5 శాతమైతే 23.38

5.5 నుంచి 27.5కి పెంచినప్పుడు కిలోకు తేడా 18.70. లీటరు ప్యాకెట్ వెనక చూస్తే 910 గ్రాములని ఉంటుంది కాబట్టి ప్యాకెట్‌కు 17.02. సన్‌ఫ్లవర్, సోయా శుద్ధి చేస్తే జిగురు, ఆమ్లాలు, మైనం తీసేసేసరికి నూటికి మూడు నాలుగు కిలోలు పోతాయి. పోయిన నూనెకూ సుంకం కట్టారు కదా, కాబట్టి 17.63. డిస్ట్రిబ్యూటర్, కిరాణా కొట్టు మార్జిన్లు శాతాల్లో ఉంటాయి. రెండూ కలిపి 8 శాతం వేసుకుంటే 19.05. దీని మీద 5 శాతం జీఎస్టీ. అయ్యింది 20 రూపాయలు.

గమనించండి. రేవులో 17 రూపాయలున్నది మీ చేతికొచ్చేసరికి 20 అయింది. సుంకం మీద మార్జిన్, ఆ రెంటి మీద జీఎస్టీ. రేవులో కట్టిన ఐజీఎస్టీని (దిగుమతి మీద పడే జీఎస్టీ) కంపెనీ క్రెడిట్‌గా, అంటే తర్వాత తాను కట్టాల్సిన జీఎస్టీలోంచి మినహాయింపుగా, వాడుకుంటుంది. కస్టమ్స్ సుంకానికి ఆ వీలు లేదు, అది ఖర్చులో కలిసిపోతుంది. అందుకే మీ బిల్లులో ఎక్కడా కనిపించదు.

ధరల పట్టిక

పై లెక్కకు ఒక చేర్పు. పామాయిల్, సోయా మీద సుంకం వేసేది ఇన్‌వాయిస్ ధర మీద కాదు. కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు పదిహేను రోజులకోసారి డాలర్లలో ప్రకటించే టారిఫ్ విలువ మీద. దిగుమతిదారు 950కి బేరమాడి తెచ్చినా పట్టికలో 1,000 ఉంటే సుంకం 1,000 మీదే.

ఇది శాతాల సుంకం కావడం మరో బాధ. అంతర్జాతీయ ధర పెరిగినా, రూపాయి పడిపోయినా, సుంకం రూపాయల్లో తనంతట తానే పెరుగుతుంది. టన్ను 1,500 డాలర్లయితే అదే 27.5 శాతం కిలోకు 35 రూపాయలు దాటుతుంది. ఇల్లు గడవడం కష్టమైన నెలలోనే పన్ను ఎక్కువ గుంజుతుందన్నమాట. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో సన్‌ఫ్లవర్ సరఫరా తెగి, ఆ వెంటనే ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులను దాదాపు నెల రోజులు నిలిపేసినప్పుడు సుంకం 5.5లో ఉండబట్టి కొంత ఊపిరాడింది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. కస్టమ్స్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం రేటు నిర్ణయమయ్యేది ఒప్పందం రాసుకున్న రోజున కాదు. బిల్ ఆఫ్ ఎంట్రీ వేసిన రోజు, ఓడ లోపలికి రావడానికి అనుమతి దొరికిన రోజు, ఈ రెంటిలో ఏది తర్వాతదైతే ఆ రోజు రేటు. బాండెడ్ గోదాములో, అంటే సుంకం ఇంకా కట్టకుండా సరుకు ఉంచే చోట, పెట్టిన సరుకుకు బయటికి తీయడానికి బిల్లు వేసిన రోజు రేటు. కాబట్టి సెప్టెంబర్ 13న నడిసముద్రంలో ఉన్న ఓడకు కూడా 27.5 పడింది.

అయితే అప్పటికే పాత రేటుకు సుంకం కట్టేసిన నిల్వ దేశంలో సుమారు 30 లక్షల టన్నులు ఉందని, అది 45 నుంచి 50 రోజులకు సరిపోతుందని, అది అయిపోయేదాకా ఎంఆర్‌పీ పెంచొద్దని కేంద్రమే కంపెనీలకు చెప్పింది. అయినా ధర వెంటనే ఎక్కింది. కారణం, నూనె వ్యాపారంలో ధర కట్టేది కొన్న రేటుకు కాదు, ఈ డబ్బా అమ్మితే దాని చోట రేపు పెట్టాల్సిన డబ్బాకు ఎంతవుతుందో ఆ రేటుకు. పాత నిల్వ మీద కొత్త ధర వసూలైనప్పుడు ఆ తేడా ఖజానాకు పోలేదు. కొన్నవాడు పన్ను కట్టినట్టే కట్టాడు, సర్కారుకు మాత్రం అందలేదు. నా దృష్టిలో ఈ వ్యవహారమంతటిలో అన్యాయమైన భాగం ఇదే.

తగ్గించినప్పుడు ఇదే తర్కం తిరగబడాలి. కానీ 27.5 కట్టి తెచ్చిన సరుకు చేతిలో ఉంది, నష్టానికి అమ్మలేమంటారు. డిస్ట్రిబ్యూటర్ కొత్త రేటు కోసం ఆర్డరు ఆపేస్తాడు, కొట్లో పాత ఎంఆర్‌పీ ప్యాకెట్లే నడుస్తుంటాయి. 2025 జూన్‌లో తగ్గింపును వినియోగదారుడికి చేర్చమని, బ్రాండ్లవారీ ఎంఆర్‌పీ వివరాలు వారం వారం ఇవ్వమని కేంద్రం అడిగింది ఇందుకే.

గెలల లెక్క

రైతు సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఇక్కడ అన్ని పంటలనూ ఒకే గాటన కట్టేస్తున్నారు.

పామాయిల్ రైతుకు, అంటే పెదవేగి, అశ్వారావుపేట వైపు తోటలున్నవాళ్లకు, సుంకం నేరుగానే చేరుతుంది. గెలల ధర ముడి పామాయిల్ ధరలో సుమారు 14.3 శాతంగా సూత్రం కట్టారు. టన్ను నూనె మీద సుంకం 18,700 పెరిగితే టన్ను గెలలకు 2,674 రూపాయలు పెరగాలి. టన్ను నూనెకు ఐదు టన్నుల పైచిలుకు గెలలు కావాలి కనుక, పెరిగినదాంట్లో ముప్పావు వంతు రైతుకు వస్తుంది. ఎకరాకు 8 నుంచి 10 టన్నులు దిగుబడి తీసే రైతుకు అది ఏడాదికి 21 నుంచి 27 వేలు. తెలంగాణలో 2024 సుంకం పెంపుకు ముందు 14 వేల స్థాయిలో ఉన్న టన్ను గెలలు ఏడాది చివరికి 20 వేలు దాటాయి. అందులో మలేషియా ధర పెరగడం వల్ల వచ్చిందీ ఉంది, అంతా సుంకం పుణ్యమే కాదు.

సోయా రైతు కథ వేరు. క్వింటాలు సోయా గింజలో నూనె 18 కిలోలే, మిగతా 80 కిలోల పైన చెక్క, అంటే నూనె తీశాక మిగిలే పిప్పి. సుంకం వల్ల నూనె మీద కిలోకు 18.70 వచ్చినా క్వింటాలుకు 337 రూపాయలు. అదే చెక్క ధర కిలోకు 5 రూపాయలు తగ్గితే 400 పోతాయి. 2024లో జరిగింది అదే. ఇథనాల్ ఫ్యాక్టరీల్లో మిగిలే డీడీజీఎస్ అనే ధాన్యపు పిప్పి దాణాగా చవగ్గా దొరకడంతో కోళ్ల ఫారాల వాళ్లు సోయా చెక్క తగ్గించారు. మద్దతు ధర 4,892 ఉంటే మార్కెట్ ధర దానికి కిందే నలిగింది. ఆదిలాబాద్ రైతు పేరు చెప్పి వేసిన సుంకాన్ని దేశమంతా లీటరుకు 20 రూపాయల చొప్పున కట్టింది, ఆ రైతు పంటకు మాత్రం మార్కెట్లో మద్దతు ధర కూడా పలకలేదు.

ఇలాగని సుంకం మొత్తం ఎత్తేయమంటే నేను ఒప్పుకోను. పామాయిల్ మొక్క పెట్టాక నాలుగో ఏడు గాని కోతకు రాదు, పాతికేళ్లకు పైగా ఉండే తోట. ఏడాదికోసారి రేటు ఇటూ అటూ ఊపితే తోట కొట్టేసి వేరే పంటకు పోతారు.

వంటింటి పద్దు

పామాయిల్ లెక్క చూశాక నా అభిప్రాయం కొంత మారిందండి. మరి వేరుశనగ, తవుడు నూనె పెద్దగా దిగుమతి కావు కదా, వాటి ధర కూడా ఎందుకు పెరిగింది? విదేశీ అమ్మకందారు కొంత కూడా భరించడా?

కాకినాడ రేవు

గెలల లెక్క గారు చెప్పినదానితో ఏకీభవిస్తాను, పామాయిల్ వరకు.

వేరుశనగ సంగతి. సన్‌ఫ్లవర్ 20 రూపాయలు పెరిగితే కొందరు తవుడు నూనెకు మళ్లుతారు, దానికి గిరాకీ పెరిగి ధరా పెరుగుతుంది. దేశంలో వాడే నూనెలో సగానికి పైగా దిగుమతే కాబట్టి ధర నిర్ణయించేది రేవులో దిగే ధరే. అంటే మనం ప్రతి లీటరు మీదా ఎక్కువ కడతాం, ఖజానాకు సుంకం వచ్చేది దిగుమతైన లీటర్ల మీదే. మిగతా లీటర్ల మీద కట్టింది మిల్లులకు, కొంత రైతుకు పోతుంది. ఇది ఏ బడ్జెట్ పద్దులోనూ కనిపించదు.

విదేశీ అమ్మకందారు కొంత భరించే మాట నిజమే, కానీ స్వల్పం. పక్కకు తప్పుకునే దారి ఎవరికి లేదో వాళ్ల మీదే పన్ను వాలుతుంది. వంటనూనె ఎక్కువ దిగుమతి చేసుకునేది మనమే కనుక, మనం కొనడం తగ్గిస్తే కొన్ని వారాలు బేరం ఆడొచ్చు. కానీ ఇండోనేషియాకు వేరే దారి ఉంది, పామాయిల్‌తో చేసిన బయోడీజిల్‌ను 2025లో డీజిల్‌లో 40 శాతం కలపడం మొదలుపెట్టింది. పైగా 2025 మేలో తన ఎగుమతి లెవీని 7.5 నుంచి 10 శాతానికి పెంచింది. అక్కడ లెవీ, ఇక్కడ సుంకం, రెండూ కలిసేది మన మూకుడులోనే.

బజ్జీల బండి సంగతి చూడండి. 15 కిలోల టిన్నుకు ఈ పెంపు 300 రూపాయల పైనే. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని బండివాడికి క్రెడిట్ ఉండదు. ప్లేటు ధర 5 రూపాయలు పెంచితే గిరాకీ పోతుంది, అందుకని ప్లేటులో ఒక బజ్జీ తగ్గుతుంది.

ధరల పట్టిక

భారం ఎవరి మీద ఎంత అనేది ఇంటి లెక్కలో చూడాలి. నెలకు 12 వేలు సంపాదించే ఇంట్లో 4 లీటర్లు వాడితే పెంపు 80 రూపాయలు, ఆదాయంలో 0.67 శాతం. నెలకు 1,20,000 వచ్చే ఇంట్లో 5 లీటర్లు వాడినా 100 రూపాయలు, 0.08 శాతం. పేదింటి మీద ఎనిమిది రెట్లు బరువు. ఆదాయపు పన్నులో మినహాయింపు పరిమితి ఉంటుంది, నూనె ప్యాకెట్‌కు ఏ పరిమితీ లేదు.

రాష్ట్రాల కోణం ఒకటి మిగిలింది. మూల సుంకంలోంచే రాష్ట్రాలకు 41 శాతం వాటా పోతుంది. సెస్సు, సర్‌చార్జి మొత్తం కేంద్రానివే. సుంకం 5.5 ఉన్నప్పుడు అందులో మూల సుంకం సున్నా, రాష్ట్రాలకు పంచేది ఏమీ లేదు. ఇప్పటి 16.5లో 6.5 పంపకానికి రాదు. రైతు పేరు మీద వేసిన సెస్సు మన రాష్ట్ర రైతుకు ఎంత తిరిగొచ్చిందని అడిగే హక్కు మనకుంది.

కొనేటప్పుడు పనికొచ్చేది ఒకటే చెబుతాను. సుంకం మారిన నెలల్లో ధర చూడకండి, నికర బరువు చూసి కిలోకు లెక్క కట్టండి. ధర పెంచకుండా 910 గ్రాముల చోట 850, 800 గ్రాముల ప్యాకెట్లు పెడతారు, పక్కపక్కనే పెడితే తప్ప తేడా తెలియదు. 150 రూపాయలకు 910 గ్రాములంటే కిలో 165, అదే 150కి 800 గ్రాములంటే 187.50. సుంకం తగ్గించాక కూడా ఆ చిన్న ప్యాకెట్ అలాగే ఉండిపోతే, మీకు రావాల్సిన తగ్గింపు అక్కడే ఆగిందని అర్థం.