ఫలితం టీమ్‌ది, జవాబులు మనుషులవి: సగటు తీస్తే సరిపోతుందా?

ప్రశ్న అడిగినవారు:
50 టీమ్‌లు, టీమ్‌కు పది మంది. పని ఒత్తిడి గురించి అందరూ జవాబిచ్చారు. పనితీరు స్కోరు మాత్రం టీమ్‌కు ఒక్కటే. దాన్నే పది మందికీ కాపీ చేసి, 500 వరుసలతో రిగ్రెషన్ (ఒత్తిడి మారితే పనితీరు ఎంత మారుతుందో చూసే లెక్క) వేశాను. పి విలువ (అసలు సంబంధమే లేకపోయినా ఇంత బలమైన ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం) 0.001 కన్నా తక్కువ వచ్చింది. మా గైడ్ ఇది చెల్లదు, సగటు తీయమంటున్నారు. తీస్తే 50 వరుసలే మిగులుతాయి. ఏం చేయాలి?

జవాబు 1:
మీ గైడ్ చెప్పిందే రైటండి. ఉన్నవి 50 స్కోర్లు, కాపీ చేసినంత మాత్రాన 500 అయిపోవు. స్టాండర్డ్ ఎర్రర్ (అంచనా ఎంత ఊగుతుందో చెప్పే కొలత) లేనిపోని విధంగా తగ్గిపోయి ఆ పి విలువ వచ్చింది. మనుషుల్ని, టీమ్‌లను వేర్వేరు స్థాయిలుగా చూసే మామూలు మల్టీలెవెల్ మోడల్ కూడా ఇక్కడ పనికిరాదు. అది మనిషికీ మనిషికీ మారే ఫలితం కోసం. మీ స్కోరులో టీమ్ లోపల తేడా సున్నా. సగటు తీసి సాదా రిగ్రెషన్ వేయండి, పనైపోతుంది.

జవాబు 2:
"పనైపోతుంది" అన్నదొక్కటే ఒప్పుకోలేను. పది మంది సగటు ఆ టీమ్ అసలు ఒత్తిడికి ఒక అంచనా మాత్రమే. ఒత్తిడిలో ఉన్న మొత్తం తేడాలో టీమ్‌ల మధ్యది 10 శాతం అనుకుందాం, అంటే ఐసీసీ 0.1. అప్పుడు సగటు రిలయబిలిటీ (సగటును ఎంతవరకు నమ్మొచ్చో చెప్పే అంకె, 1 అయితే పూర్తిగా) 10×0.1ని (1+9×0.1)తో భాగిస్తే వచ్చేది: 0.53. అసలు వాలు (ఒత్తిడి ఒక పాయింటు పెరిగితే పనితీరు ఎంత మారుతుందో చెప్పే అంకె) 2 అయితే మీకు సుమారు 1.05 కనిపిస్తుంది. టీమ్‌కు 30 మంది ఉంటే రిలయబిలిటీ 0.77 అవుతుంది. టీమ్‌లను 500 చేసినా ఈ లోటు పూడదు, అదే తప్పు అంకె ఇంకా ధీమాగా వస్తుంది. పరిశోధకులు క్రూన్, వాన్ వెల్ధోవెన్ 2007లో చూపించింది ఇదే. టీమ్ సగటును మొత్తం సగటు వైపు తగినంత జరిపి వాడాలి, లేదంటే టీమ్ ఒత్తిడిని లేటెంట్ వేరియబుల్‌గా (నేరుగా కొలవలేక, జవాబుల నుంచి అంచనా వేసేదిగా) పెట్టాలి.

జవాబు 1:
టీమ్‌లో ఉన్నదే పది మంది, పది మందీ చెప్పారు. ఇక కొందరినే అడిగిన శాంపిల్ పొరపాటు ఎక్కడిది? లేని లోపాన్ని సవరిస్తే వాలు దాదాపు రెట్టింపవుతుంది. అది ఇంకా పెద్ద తప్పు కదండీ!

జవాబు 2:
ఆ మాట నిజమే, నేను దాన్ని వదిలేశాను. అది ప్రశ్నను బట్టి ఉంటుంది. "మా టీమ్‌లో గడువులు ఊపిరాడనివ్వవు" అన్నప్పుడు పది మందీ ఒకే విషయానికి సాక్షులు. అందరూ చెప్పినా సాక్ష్యంలో పొరపాటు ఉంటుంది, సవరించాలి. "నాకు నిద్ర పట్టదు" అన్నది ఎవరిది వారిదే. అందరూ చెప్పాక వాళ్ల సగటే ఆ టీమ్ విలువ.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే ప్రశ్నలు తీసి చూశాను. ఎనిమిదిలో ఐదు "మా టీమ్‌లో" అని, మూడు "నాకు" అని మొదలవుతున్నాయి. అన్నీ కలిపి ఒకే స్కోరు చేశాను.

జవాబు 2:
ముందు వాటిని విడదీయండి. ఐదింటికే సవరణ. 50 టీమ్‌లతో సవరించిన వాలు బాగా ఊగుతుంది, కాబట్టి దాని కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు విలువ ఉండగల హద్దులు) కూడా తప్పకుండా రాయండి.