వాటర్ పంపు కొత్తది వేస్తున్నాం, పాత ఫ్యాన్ క్లచ్ మళ్ళీ బిగించవచ్చా?

సాలూరు బండి:
అందరికీ నమస్కారం. మాది ఆరు టైర్ల లారీ, బీఎస్4, 2018 మోడల్. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి కొరాపుట్ వైపు తిరుగుతుంది. వాటర్ పంపు బేరింగ్ పోయి కూలెంట్ కారుతుంటే కొత్త పంపు తెచ్చాం. ఇంజన్ వేడిని బట్టి రేడియేటర్ ఫ్యాన్‌ని పట్టి తిప్పే ఫ్యాన్ క్లచ్ మాత్రం బండితో వచ్చినదే, 4.8 లక్షల కిలోమీటర్లు తిరిగింది. మా మేస్త్రి "బాగానే ఉంది, ఇదే బిగిద్దాం" అంటున్నాడు. కొత్త క్లచ్ ధర పంపు ధరకు రెండింతలు చెప్పారు. ఈ నెల కిస్తీ కూడా కట్టాలి. కానీ ఎండల్లో, లోడుతో ఘాట్ ఎక్కాలంటే టెన్షన్‌గా ఉంది. ఇలా పాతదే వేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఆటోనగర్ మేస్త్రి:
విజయవాడలో ఇంజన్ పనే చేస్తాను. ముందు ఒకటి చెప్పండి. మీ బండికి ఫ్యాన్ పంపు షాఫ్టు మీదే ఉందా, విడిగా హబ్ మీద ఉందా?

సాలూరు బండి:
పంపు మీదే అన్నా.

ఆటోనగర్ మేస్త్రి:
అయితే పంపు బేరింగ్ ఎందుకు పోయిందో చూడకుండా పాత క్లచ్ బిగించకండి. క్లచ్ లోపలి బేరింగ్ అరిగితే ఫ్యాన్ ఊగుతూ తిరుగుతుంది. ఆ ఊపంతా పంపు బేరింగ్ మీదే పడుతుంది. అలాంటి క్లచ్ తగిలిస్తే కొత్త పంపు కూడా ఎక్కువ కాలం నిలవదు.

ఇంజన్ ఆపి, క్లచ్‌కి ఫ్యాన్ బిగించి ఉండగా రెక్క కొస పట్టుకుని ముందుకీ వెనక్కీ కదపండి. కొంచెం కదిలితే పర్వాలేదు. పావు అంగుళం దాటితే మార్చాల్సిందే. తర్వాత ముందు వైపు చుట్టలా ఉండే బైమెటల్ పట్టీ (వేడికి వంగే రెండు లోహాల పట్టీ) దగ్గర చూడండి. లోపల ఉండేది సిలికాన్ ఆయిల్. రేడియేటర్ నుంచి వేడి గాలి తగలగానే ఆ పట్టీ వాల్వు తెరుస్తుంది, ఆయిల్ పలకల మధ్యకు వచ్చి ఫ్యాన్‌ని పట్టుకుంటుంది. ఆయిల్ కారిపోయిన క్లచ్‌కి పట్టు ఉండదు. కాస్త జిడ్డు, దుమ్ము ఉంటే కంగారు పడొద్దు. మధ్య నుంచి అంచుల దాకా తడి చారలు ఉంటే మాత్రం సీల్ పోయినట్టే.

నంద్యాల ఓనర్:
నేను పాతదే వేసి నష్టపోయాను. అప్పుడు మా మేస్త్రి కూడా ఇదే మాట అన్నాడు. రెండు నెలలు బాగానే తిరిగింది. గిద్దలూరు ఘాట్‌లో ఓ మధ్యాహ్నం గరగరమని శబ్దం వచ్చింది, డ్రైవర్ ఆపేశాడు. క్యాబిన్ లేపి చూస్తే ఫ్యాన్ చుట్టూ ఉండే ష్రౌడ్ లోపల కత్తితో గీసినట్టు గుండ్రంగా గీత. ఒక రెక్క కొస విరిగి రేడియేటర్‌లో గుచ్చుకుంది. కూలెంట్ అంతా రోడ్డు మీదే. రేడియేటర్, ఫ్యాన్, క్లచ్ మూడూ కొన్నాను. పైగా ఆ లోడు వేరే బండికి మార్చాల్సి వచ్చింది.

ఆదోని డ్రైవర్:
మా అనుభవం వేరేలా ఉంది. పంపు మార్చినప్పుడు ఊపు, చారలు చూసి, ఏమీ లేవని పాతదే బిగించాం. లక్షన్నర కిలోమీటర్లు అయింది, ఇంకా నడుస్తోంది. మధ్యలో హీట్ వస్తే అందరూ క్లచ్ మీదే అనుమానపడ్డారు. తీరా చూస్తే రేడియేటర్‌కీ, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కీ మధ్య పత్తి నుసి దూదిపరుపులా పేరుకుపోయి ఉంది. అది తీశాక టెంపరేచర్ మీటర్ ముల్లు కిందికి దిగింది. కిలోమీటర్లు చూసి కాదు, క్లచ్‌ని చూసి నిర్ణయించండి అన్నా.

ఆటోనగర్ మేస్త్రి:
తమ్ముడు చెప్పింది నిజం. ఇంకొకటి, ఊడదీసిన క్లచ్‌ని బల్ల మీద పడుకోబెట్టొద్దు. బండిలో ఎలా ఉంటుందో అలాగే నిలబెట్టాలి. లేకపోతే ఆయిల్ కారే ప్రమాదం ఉంది. బాగున్న క్లచ్‌లు కూడా ఇలాగే పాడవుతాయి.

సాలూరు బండి:
అయ్యో, మావాడు రాత్రంతా పడుకోబెట్టే ఉంచాడు.

హైదరాబాద్ బీఎస్6:
వైరుతో వచ్చే క్లచ్ ఉన్నవాళ్లకు ఒక మాట. వాటిని ఈసీఎం, అంటే ఇంజన్ కంప్యూటర్, నడిపిస్తుంది. క్లచ్ పోయిందని తీసేముందు కనెక్టర్, వైరు చూడండి. మా బండిలో ఫ్యాన్ ఎప్పుడూ హోరుమని తిరిగి మైలేజీ పడిపోయింది. చివరికి చూస్తే ఎలుక కొరికిన వైరు!

సాలూరు బండి:
ఈ ఉదయం దగ్గరుండి చూశాను. రెక్క కొస నా చిటికెన వేలి మందం కంటే ఎక్కువ కదిలింది. వెనక వైపు మూడు నల్లటి చారలు, వేలికి జిగురులా అంటుకున్నాయి. ఒక టైరు కొనడం వాయిదా వేసి కొత్త క్లచ్ వేయించాను. స్టార్ట్ చేయగానే హోరు వచ్చి భయపడ్డాను.

ఆటోనగర్ మేస్త్రి:
చల్లగా స్టార్ట్ చేసినప్పుడు ఒకటి రెండు నిమిషాలు అలాగే ఉంటుంది, ఆయిల్ వెనక్కి వెళ్లాక తగ్గుతుంది. ఘాట్ ఎక్కేటప్పుడు మళ్ళీ వస్తుంది, రావాలి కూడా. అక్కడ ముల్లు ఎక్కుతున్నా హోరు రాకపోతే అప్పుడు నాకు రాయండి.

సాలూరు బండి:
నిమిషంలోనే తగ్గింది అన్నా. రేపు లోడుతో సుంకి ఘాట్. పాతది స్పేర్‌గా బండిలో పెట్టమంటారా?

ఆటోనగర్ మేస్త్రి:
వద్దు, పాత ఇనుముకి ఇచ్చెయ్యండి. బండిలో ఉంటే ఎవరో ఒకరు మళ్ళీ బిగిస్తారు.