సోలార్‌కు సీల్డ్ బ్యాటరీనా, నీళ్ళు పోసేదా?

పలమనేరు_పాడి:
పలమనేరు దగ్గర పల్లెలో మా ఇంటికి సోలార్ పెడుతున్నాం. రాత్రికి రెండు ఫ్యాన్లు, మూడు బల్బులు. రోజూ వాడకమే. అమ్మ ఒక్కతే ఉంటుంది, నేను తిరుపతిలో ఉద్యోగం. 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీ సామర్థ్యం)లో ఏది తీసుకోవాలి?

రేణిగుంట_వైరింగ్:
నీళ్ళు పోసే ట్యూబులర్, అంటే లోపల గొట్టాల్లాంటి ప్లేట్లు ఉండే రకం. రోజూ సగం దాకా ఖాళీ అయి మళ్ళీ నిండే పనికి అదే ఆగుతుంది. మన ఎండలు 40 దాటుతాయి. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకు లెడ్ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. ట్యూబులర్‌లో తగ్గిన నీళ్ళు మళ్ళీ పోస్తాం. సీల్డ్‌లో వాల్వు దాటి పోయింది ఇక పోయినట్టే.

తిరుచానూరు_టైలరింగ్:
మా షాపులో సీల్డ్ పెట్టి నాలుగేళ్ళు. ఇంతవరకు చెయ్యి పెట్టలేదు.

రేణిగుంట_వైరింగ్:
అమ్మా, మీది కరెంటు పోతేనే పనిచేసే ఇన్వర్టర్. ఆయనది రోజువారీ వాడకం. రెండింటికీ పోలికే లేదు.

తిరుచానూరు_టైలరింగ్:
అంతకుముందు ట్యూబులరే అన్నా. పని అబ్బాయి బోరు నీళ్ళు పోశాడు, ఏడాదిన్నరకే పోయింది. అమ్మినవాళ్ళు వారంటీ కుదరదన్నారు. పోసేవాళ్ళకు తెలియకపోతే ఎంత మంచి బ్యాటరీ అయినా అంతే.

శ్రీకాళహస్తి_21:
ఆర్‌ఓ నీళ్ళు పోయొచ్చా?

రేణిగుంట_వైరింగ్:
వద్దు. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. మూడు నెలలకోసారి చూస్తే చాలు. దానికి కూడా కొడుకు ఊరికి రాలేడా?

పలమనేరు_పాడి:
ఆ మాట అనొద్దన్నా. నాన్న ఉన్నప్పుడు పాత బ్యాటరీకి ఆయనే నీళ్ళు పోసేవారు. ఆయన పోయాక ఎవరూ చూడలేదు. ఉగాదికి వెళ్ళి మూత తీస్తే నీళ్ళు దిగిపోయి ప్లేట్లు బయటపడి ఉన్నాయి. అప్పటికి నెల నుంచి అమ్మ ఫ్యాన్ లేకుండా పడుకుంటోంది, ఫోన్‌లో ఒక్క మాట చెప్పలేదు. నాకు కావలసింది ఎక్కువ ఏళ్ళు వచ్చేది కాదు, నేను మరిచిపోయినా నడిచేది.

తిరుచానూరు_టైలరింగ్:
నేను మొదటి నుంచి చెప్పేది అదే.

రేణిగుంట_వైరింగ్:
తప్పుగా అన్నాను తమ్ముడూ, మనసులో పెట్టుకోవద్దు. కానీ సీల్డ్ లోపల ఎండిపోతున్నా బయటికి తెలియదు, హైడ్రోమీటర్ (యాసిడ్ చిక్కదనం కొలిచేది) పెట్టి చూడలేం. ఒకరోజు ఉన్నట్టుండి ఆగిపోతుంది, ఆ రాత్రి కూడా అమ్మ నీకు చెప్పదు. ట్యూబులర్‌కు నీళ్ళ మట్టం చూపే ఫ్లోట్ ఉంటుంది, అది ఎర్ర గుర్తుకు దిగితే పక్కింటివాళ్ళకైనా కనబడుతుంది.

పలమనేరు_పాడి:
అమ్మకు చూపు తగ్గింది. మా పాల కేంద్రంలో ఐటీఐ చదివిన కుర్రాడున్నాడు, రోజూ మా ఇంటి మీదుగానే పోతాడు. అడుగుతాను. ఒప్పుకుంటే ట్యూబులర్, లేదంటే సీల్డే.

రేణిగుంట_వైరింగ్:
సీల్డ్ అయితే చార్జ్ కంట్రోలర్‌లో (ప్యానెల్ నుంచి బ్యాటరీకి చార్జింగ్‌ను అదుపు చేసే పెట్టె) సీల్డ్ సెట్టింగే పెట్టించు, ఈక్వలైజ్ (మామూలు కంటే ఎక్కువ వోల్టేజీతో చార్జ్ చేయడం) ఆపించు. ఏదైనా సరే, రేకుల కింద మాత్రం పెట్టకు.