షూటింగ్ రేంజ్‌లో సరదాకు ఆరు తూటాల రివాల్వరా, పదిహేడు తూటాల పిస్టలా?

మెట్రోప్లెక్స్ వాసి:
డాలస్ దగ్గర ఉంటాను. గ్రీన్ కార్డు చేతికొచ్చింది కాబట్టి సొంతంగా ఒక తుపాకి కొనుక్కోవాలని ఉంది. ఇంటి రక్షణకు కాదు, నడుముకు కట్టుకుని తిరగడానికీ కాదు. వారాంతంలో రేంజ్‌కు వెళ్లి కాగితపు గురి మీద ఓ గంట కాల్చుకోవడానికి, అంతే.

రెండు రకాలూ అద్దెకు తీసుకుని కాల్చి చూశాను. నా మాట సూటిగా చెబుతాను, కొట్టకండి: రివాల్వర్ మోజంతా పాత సినిమాల మహిమ. గ్లాక్ 17లో పదిహేడు తూటాలు పడతాయి, రివాల్వర్‌లో ఆరు. పైగా ట్రిగ్గర్ గట్టి, తూటా ఖరీదు. అయినా కోల్ట్ కంపెనీ 1955 నాటి పైథాన్ రివాల్వర్‌ను 2020లో మళ్లీ బయటికి తెస్తే జనం ఎగబడ్డారు. వాళ్లు దేనికి డబ్బు పెడుతున్నారో ఎవరైనా విడమరచి చెబుతారా?

ఆరో గుండు:
నేను చెబుతాను. అన్నిటికంటే ముందు ఆ పదిహేడు లెక్క పక్కన పెట్టండి. మనం కాల్చేది కాగితాన్ని, అది తిరిగి కాల్చదు. పైగా ఊళ్లలోని చాలా రేంజ్‌లలో గబగబా కాల్చనివ్వరు, గుండుకూ గుండుకూ మధ్య ఒక సెకను ఆగమంటారు. అక్కడ పదిహేడు తూటాల వల్ల ఒరిగేది పెట్టె త్వరగా ఖాళీ కావడమే.

అసలు సంగతి ట్రిగ్గర్. గట్టి అన్నారు, నిజమే. తూటాను కొట్టి పేల్చే హ్యామర్‌ను చేత్తో వెనక్కి లాగకుండా కాలిస్తే, అంటే డబుల్ యాక్షన్‌లో, నాలుగున్నర, ఐదు కిలోల ఒత్తిడి పెట్టాలి. ఆ ఒత్తిడి పొడవునా గురి కదలకుండా నిలపడమే అక్కడి ఆట. హ్యామర్ వెనక్కి లాగి కాలిస్తే ఆ ఒత్తిడి మూడో వంతుకు పడిపోతుంది. ఒకే తుపాకిలో రెండు ట్రిగ్గర్లు.

ఈసారి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. సిలిండర్‌లో, అంటే తూటాలు పెట్టే గుండ్రటి భాగంలో, ఉండే ఆరు గదుల్లో నాలుగింట్లోనే తూటాలు పెట్టండి. చూడకుండా సిలిండర్ ఒక చుట్టు తిప్పి మూసేయండి. ఇక నెమ్మదిగా కాల్చండి. ఖాళీ గది వచ్చినప్పుడు చప్పుడుండదు, ‘టక్’ అని హ్యామర్ పడుతుంది. ఆ క్షణంలో గొట్టం మూతి కిందికి వాలిందంటే పేలుడుకు మీ చేయి ముందే జంకుతోందన్నమాట. పిస్టల్‌లో ఆ జంకు వెనుదన్నులో, అంటే కాల్చగానే తుపాకి వెనక్కి తన్నడంలో, కలిసిపోయి కనబడదు. ఉత్తుత్తి తూటాలు కొని మేగజీన్‌లో, అంటే పిడిలో దూర్చే తూటాల డబ్బాలో, కలిపితే అదీ పట్టిస్తుంది కానీ, ఉత్తుత్తి తూటా వచ్చిన ప్రతిసారీ స్లైడ్‌ను, అంటే పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగాన్ని, లాగి తర్వాతి తూటా ఎక్కించుకోవాలి. రివాల్వర్‌లో మళ్లీ నొక్కితే చాలు.

ఖాళీ తూటాలు ఎగిరి చొక్కా కాలర్‌లో పడకపోవడం కూడా సుఖమే. కాలినవాళ్లకు తెలుస్తుంది.

లెక్కల మాస్టారు:
ఆరో గుండు గారూ, మీ రాత ఎప్పుడూ బాగుంటుంది, కానీ సగమే రాస్తారు. మిగతా సగం నేను రాస్తాను.

తూటా పేలకపోతే ‘మళ్లీ నొక్కితే చాలు’ అనే అలవాటు రేంజ్‌లో ప్రమాదం. అరుదే అయినా కొన్ని తూటాలు ఆలస్యంగా పేలుతాయి. మందు అంటుకోవడానికి క్షణం పడుతుంది. మీరు ఆత్రంగా మళ్లీ నొక్కితే సిలిండర్ తిరిగి ఆ తూటా గొట్టం ఎదుట నుంచి పక్కకు జరుగుతుంది. అప్పుడు పేలిందంటే గుండు వెళ్లడానికి దారి ఉండదు. పేలనప్పుడు చేయాల్సింది మూతి గురివైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగడం. తానే ఖాళీ ఉంచిన గది వేరు, పేలని తూటా వేరు. కొత్తవారికి ఆ తేడా ముందే చెప్పాలి.

రెండోది మరీ ముఖ్యం. మందు తక్కువ పడిన తూటా వస్తే గుండు గొట్టంలోనే ఇరుక్కుపోవచ్చు. పిస్టల్‌లో ఆ నీరసపు పేలుడు స్లైడ్‌ను సరిగా వెనక్కి నెట్టలేదు, తుపాకి ఆగిపోతుంది, మీరు చూసుకుంటారు. రివాల్వర్‌ను తిప్పేది మీ వేలే కాబట్టి అది ఆగదు. తర్వాతి గుండు వెళ్లి ముందుదాన్ని గుద్దితే గొట్టం ఉబ్బుతుంది.

ఇక సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య ఉండే సన్నని సందు. వేడి వాయువు, సీసం రజను అక్కడి నుంచి పక్కలకు చిమ్ముతాయి. పిస్టల్ అలవాటుతో ఎడమచేతి బొటనవేలు ముందుకు చాచి పట్టుకున్నవాడికి వేలు చీరుకుపోతుంది. కాబట్టి కొనే ముందు పట్టు మార్చుకోవడం నేర్చుకోండి.

ఖర్చు సంగతి మీరే అన్నారు. 9 ఎంఎం పిస్టల్ తూటాలు కొనే జేబుకు .38 స్పెషల్ రివాల్వర్ తూటా బరువే.

గోదారి గట్టు:
చర్చకు అడ్డం వస్తున్నాను, మన్నించండి. హెచ్-1బీ మీద ఉన్న తమ్ముళ్లు ఇది చదివి స్నేహితుడితో రేంజ్‌కు బయలుదేరవచ్చు. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకి, తూటాలు దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. రేంజ్‌లో అద్దెకు తీసుకున్నా, స్నేహితుడిది చేతిలోకి తీసుకున్నా ఆ పరిధిలోకి రావచ్చు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. లాయరును అడిగాకే వెళ్లండి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ చిక్కు లేదు. ఇక మీరు కొనసాగించండి.

గచ్చిబౌలి గురి:
హైదరాబాద్ నుంచి రాస్తున్నాను. మీ వాదన వింటుంటే అసూయగా ఉంది. ఇక్కడ 9 ఎంఎం నిషేధిత బోరు, సామాన్య లైసెన్సుదారు చేతికి రాదు. 2019 సవరణ తర్వాత లైసెన్సు మీద రెండు ఆయుధాలకు మించి ఉంచుకోకూడదు కూడా. కాబట్టి సరదాకు ఒకటి, మరో సరదాకు ఇంకొకటి అనే మాటే లేదు.

పోటీలలో మాత్రం పిస్టల్‌దే రాజ్యం. మన ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో వెండి పతకం తెచ్చింది. ఆ ఈవెంట్‌లో వాడే .22 తుపాకులన్నీ సెమీ ఆటోమేటిక్ పిస్టళ్లే అంటే దాదాపు తప్పులేదు.

కానీ ఒక విచిత్రం ఉంది. 25 మీటర్ల సెంటర్ ఫైర్ (దెబ్బ తూటా అడుగు మధ్యలో పడే రకం) పోటీకి పార్దిని, వాల్తర్ కంపెనీల పిస్టళ్లలో చాలాకాలంగా వాడుతున్నది .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్ తూటా. అది 1896లో రివాల్వర్ కోసం పుట్టింది. కాన్పూర్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్‌లోనూ ఇదే తూటా. చదును మూతి గుండుతో కాగితంలో కంపాస్ పెట్టి గీసినట్టు గుండ్రంగా రంధ్రం పడుతుంది, వెనుదన్ను తక్కువ. పిస్టల్ గెలిచిందంటే రివాల్వర్ తూటాను అప్పు తెచ్చుకుని గెలిచింది.

ఆరో గుండు:
గచ్చిబౌలి గారూ, నూరేళ్లు చల్లగా ఉండండి.

మాస్టారూ, పేలని తూటా దగ్గర అర నిమిషం ఆగాలన్న మాటకు ఎదురు లేదు. కానీ కొత్తవారి భద్రత అన్నారు కాబట్టి రెండో పక్క కూడా చూడాలి. పిస్టల్ మేగజీన్ తీసేసి ‘ఖాళీ అయింది’ అనుకోవడం కొత్తవారు చేసే పొరపాట్లలో పెద్దది. గొట్టం వెనక గదిలో ఇంకో తూటా నక్కి ఉంటుంది. రివాల్వర్ సిలిండర్ పక్కకు తెరిస్తే ఆరు గదులూ ఎదుటే కనిపిస్తాయి. మా అత్తయ్యను రేంజ్‌కు తీసుకెళ్లినప్పుడు ఆవిడ చేతికి స్లైడ్ లొంగలేదు. రివాల్వర్ ఇస్తే తానే తెరిచి, నింపి, మూసి, ‘ఇంకో పెట్టె తెప్పించు’ అన్నారు.

నెమ్మది ఆయుధం అని ఎవరో అనబోతారు, అందుకే ముందే చెబుతున్నాను: 1999లో జెర్రీ మిక్యులెక్ అనే ఆయన రివాల్వర్‌తో ఆరు కాల్చి, మళ్లీ నింపి, ఇంకో ఆరు కాల్చడానికి పట్టిన సమయం 2.99 సెకన్లు.

లెక్కల మాస్టారు:
మిక్యులెక్ చేతులు మనకు లేవు సార్. ఆయన వాడినది .45 ఏసీపీ, అది పిస్టల్ తూటా. ఆరింటినీ ఒకే రేకు క్లిప్పులో బిగించి ఒక్కసారే దింపారు. గచ్చిబౌలి వారి అప్పు అలా తీరిపోయింది.

శుభ్రం చేసే పని గురించి ఎవరూ మాట్లాడలేదు. .357 మాగ్నం రివాల్వర్ కొని చవక కోసం .38 కాలుస్తూ పోతే, ఆ తూటా పొట్టిది కాబట్టి గది లోపల దాని ముందు మసి వలయం కడుతుంది. తర్వాత .357 వేస్తే సగం దూరంలో మొరాయిస్తుంది. ఆరు గదులూ ఒక్కొక్కటిగా బ్రష్‌తో తోమాలి. పిస్టల్‌కు ఒక గొట్టం, ఒక గది.

మెట్రోప్లెక్స్ వాసి:
ఇద్దరికీ నమస్కారం. ఖాళీ గదుల పరీక్ష నన్ను పట్టుకుంది. తూటా ఖర్చు తగ్గాలంటే .22 రివాల్వర్‌తో మొదలుపెట్టడం మేలా?

లెక్కల మాస్టారు:
తూటా చవకే. కానీ .22లో దెబ్బ అంచు మీద పడాలి, దానికి హ్యామర్ గట్టిగా కొట్టాలి. అందుకే చాలా .22 రివాల్వర్ల డబుల్ యాక్షన్ ట్రిగ్గర్ .38 వాటికంటే ఇంకా బరువు. కొనే ముందు దుకాణంలో అనుమతి అడిగి, ఖాళీ అని ఇద్దరూ చూసుకుని, ఒకసారి నొక్కి చూడండి. రూగర్ మార్క్ ఫోర్ అనే .22 పిస్టల్‌నూ అదే బల్ల మీద పెట్టించుకుని పోల్చండి.

ఆరో గుండు:
నొక్కి చూసేటప్పుడు స్నాప్ క్యాప్‌లు, అంటే ఉత్తుత్తి తూటాలు, పెట్టమనండి, ఖాళీ .22ను ఊరికే కొడితే కొన్ని మోడళ్లలో పిన్ను గది అంచును తాకి గుంట పెడుతుంది. మాస్టారు చెప్పిన బరువు నిజమే. అయినా నేను ఆ .22 రివాల్వర్‌నే కొనమంటాను.