అప్‌డేట్: డ్రైసూట్ మెడ దగ్గర బిగుతు, కాళ్ల దగ్గర వదులు

ఐస్‌లాండ్‌లోని సిల్ఫ్రా అనే నీటి పగులులో డైవింగ్ కోసం (నీళ్లు 2–4 డిగ్రీలే) తీసుకున్న డ్రైసూట్ (ఒంటికి నీళ్లు తగలనివ్వని డైవింగ్ సూట్) మెడ నొక్కేస్తోందనీ, కాళ్లలోకి గాలి చేరుతోందనీ అడిగాను కదా. రెండూ వేర్వేరు సమస్యలు.

మెడ దగ్గరిది కొత్త లేటెక్స్ సీల్ (నీళ్లు లోపలికి రాకుండా మెడను పట్టి ఉంచే పల్చటి రబ్బరు పట్టీ), అసలు కోయనే లేదు. దాని మీద గీతలుంటాయి. ఒకసారికి ఒక్క గీతే, పదునైన పెద్ద కత్తెరతో నున్నగా కోయాలి. అంచున చిన్న గాటు పడినా అక్కణ్ణుంచే చిరుగుతుంది. రెండు గీతలకే సరిపోయింది. ఎక్కువ కోస్తే ఇక సీల్ మార్చడమే. కాస్త బిగుతు మామూలే గానీ, తల తిరుగుతుంటే మెడలోని రక్తనాళాలు నొక్కుకుంటున్నట్టే, నీళ్లలోకి దిగకూడదు.

కాళ్ల గొడవకు కారణం బూటు సైజు. వేళ్ల ముందు ఖాళీ ఉంటే గాలి అక్కడ చేరి పాదాలు పైకి లేస్తాయి. గాలి వదిలే వాల్వ్ ఎడమ భుజం దగ్గరుంటుంది కాబట్టి పాదాల దగ్గరి గాలి బయటికి పోదు. ఒక సైజు తగ్గించాను, మందం సాక్సు వేసుకునే కొలత చూసి.

సూట్ కొలత కూడా అంతే: లోపలి థర్మల్ (వెచ్చదనం కోసం వేసుకునే దుస్తులు) వేసుకుని, గాలి తీసేసి, గొంతుక్కూర్చోగలగాలి, వెనక్కి చేయి చాచి సిలిండర్ వాల్వ్ అందుకోగలగాలి. గజ్జల దగ్గర పట్టేస్తే పొడవు చాలనట్టు.