పుష్కరాల బందోబస్తుకు గేమ్ థియరీ పనికొస్తుందా?

ప్రశ్న (డిగ్రీ విద్యార్థి, కొత్తపేట):
బీఎస్సీ మ్యాథ్స్ ఫైనలియర్ చదువుతున్నాను. 2027 గోదావరి పుష్కరాల్లో స్నానాల రేవులను ఉగ్రవాద దాడి నుంచి కాపాడటం మీద ప్రాజెక్టు చేద్దామనుకుంటున్నాను. గేమ్ థియరీ (ఎదుటివాడి ఎత్తును లెక్కలోకి తీసుకుని మన ఎత్తు తేల్చుకునే గణితం) వాడమన్నారు. ఉన్న పోలీసులందరినీ పెద్ద రేవు దగ్గరే పెడితే సరిపోదా? ముఖాలు గుర్తుపట్టే కెమెరాలుంటే ఇక లెక్కలెందుకు?

జవాబు (లెక్కల మాస్టారు, మండపేట):
సరిపోదు బాబూ. దాడి చేసేవాడు కాపలా ఎక్కడుందో ముందే చూసుకుని వస్తాడు. మనం ముందు ఎత్తు వేస్తే, అది చూసి వాడు వేస్తాడు. దీన్నే స్టాకెల్‌బర్గ్ గేమ్ అంటారు.

పెద్ద రేవులో దాడి జరిగితే నష్టం 6, చిన్న రేవులో 3 అనుకో. బృందం ఒక్కటే, అది ఉన్నచోట నష్టం సున్నా. ఎప్పుడూ పెద్ద రేవులోనే ఉంచితే వాడు చిన్నదానికి పోతాడు, నష్టం 3. చెరి సగం తిప్పితే పెద్దదానికే వస్తాడు, సగటున మళ్లీ 3. మూడింట రెండొంతుల సమయం పెద్దదానికి, ఒక వంతు చిన్నదానికి ఇస్తే ఎటు పోయినా 2 దాటదు. ఏ గంటకు ఎటన్నది మాత్రం పాచిక తేల్చాలి. 1 నుంచి 4 పడితే పెద్దది, 5, 6 పడితే చిన్నది. లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో 2007లో తనిఖీల వేళలు నిర్ణయించడానికి పెట్టిన ఆర్మర్ అనే సాఫ్ట్‌వేర్ చేసింది ఈ పనే. మిలింద్ తాంబే బృందం దాన్ని తయారుచేసింది.

ఇక కెమెరాలు. 10 లక్షల మందిలో చెడ్డవాడు ఒక్కడే, కెమెరా అమాయకుల్లో నూటికి ఒక్కరినే పొరబడుతుందనుకో. అయినా 10 వేల మందిని ఊరికే ఆపాల్సి వస్తుంది. 2015 జూలై 14న రాజమండ్రి పుష్కర ఘాట్‌లో 20 మందికి పైగా చనిపోయింది తొక్కిసలాటలో. ఇరుకు దారిలో అంతమందిని ఆపితే ఏమవుతుందో ఆలోచించు. ఆ ప్రమాదాన్ని కూడా నీ మోడల్లో నష్టం కింద వేయాలి. అది లేని ప్రాజెక్టుకు నేనైతే మార్కులు వేయను.

జవాబు (రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్, కొవ్వూరు):
మాస్టారు చెప్పింది నిజమండి. మీకు తోచినట్టు తిరగండి అంటే మనిషి ఒకే దారి పట్టేస్తాడు. ఎండ ముదిరితే నీడకి, సాయంత్రం టీ కొట్టు వైపుకి. రెండ్రోజులు కనిపెడితే ఎవడికైనా తెలిసిపోతుంది. పాచికే నయం. కాకపోతే బాబూ, ఒక రేవు నుంచి ఇంకో రేవుకి జనంలో పడి నడిచే టైం కూడా లెక్కలో వేసుకో. ఆ రోజుల్లో జీపు కదలదు.

డిగ్రీ విద్యార్థి:
థాంక్స్ అండి. ఆ 6, 3 అనే అంకెలు ఎవరిస్తారు మాస్టారూ?

లెక్కల మాస్టారు:
అధికారులే ఇస్తారు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. మూడో రేవు చేర్చి దానికి 2 ఇచ్చి చూడు. మొదటి రెంటికీ పాత వంతులే వస్తాయి, మూడోదానికి సున్నా. అక్కడ కాపలా లేకపోయినా పోయేది 2 కాబట్టి లెక్క ప్రకారం అదే సరైనది. కానీ ఆ రేవులో స్నానం చేసే లంక గ్రామాల వాళ్లకి ఆ సున్నా ఎందుకొచ్చిందో అర్థమయ్యేలా ఒక పేజీ రాయి. వైవాకి ముందు నాకు పంపు, చూస్తాను.